బిగియని పిడికిలి

అద్దం అనే తన తమ్ముడి మీద తాళాల మేస్త్రికి ఉన్న కోపం ఇవాళ్టిది కాదు. కడుపులో ఉన్నప్పుడే వాడు తన జాగాలోకి కాళ్ళు చాపాడని మేస్త్రి నమ్మకం. పదకొండు నిమిషాల తేడాతో పుట్టిన కవలలు వాళ్ళు. అన్న కుంటితే కుంటడం, అన్న దగ్గితే దగ్గడం, అన్నకు నాన్న చేతిలో దెబ్బలు పడుతుంటే పక్కన నిలబడి అచ్చం అలాగే ఏడ్చి వీధంతా నవ్వించడం, ఇదీ వాడి చిన్నతనం. అందుకే వీధి వాడికి అద్దం అని పేరు పెట్టింది. పెట్టినవాళ్ళు పోయారు, పేరు మాత్రం అతుక్కుపోయింది.

ఆ అద్దమే పది నెలల కిందట, నాన్న వదిలిపోయిన తాళాల కొట్టులో తన సగాన్ని అన్నతో మాట మాత్రం అనకుండా చెప్పుల వ్యాపారికి అమ్మేశాడు. మూడు రోజులు జ్వరంతో ఇంట్లో పడి ఉండి నాలుగో రోజు కొట్టు తీసిన మేస్త్రికి, నడిమధ్యన ఇటుకల గోడ కనిపించింది. సున్నం కూడా ఆరలేదు. అప్పట్నుంచీ తాళంచెవులు అరగదీసే ఆకురాయి పట్టి చెయ్యి వెనక్కి లాగిన ప్రతిసారీ మోచెయ్యి ఆ గోడకు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ తమ్ముడికి ఒక తిట్టు. ఈమధ్య తిట్లు తగ్గాయి. కోపం తగ్గి కాదు. వేళ్ళు పట్టు తప్పి.

కిందటి వారం మనం మేస్త్రిని వదిలేసి వచ్చింది ల్యాబు మెట్ల మీద. నాలుగేళ్ళుగా ఆయన వేళ్ళ కీళ్ళు వాచి వంకర తిరుగుతున్నాయి. ఒంట్లో రోగాలతో పోట్లాడాల్సిన కణాలే ఎదురు తిరిగి కీళ్ళను కొరుకుతున్నాయని పెద్దాసుపత్రి వాళ్ళు తేల్చారు. ఆ ఆసుపత్రి వెనక భవనంలో ఉన్న ఈ ల్యాబులో ఒక పరిశోధన నడుస్తోంది. కవలల్లో ఒకరికి జబ్బు ఉండి, రెండోవాళ్ళు శుభ్రంగా ఉన్న జంటలను పన్నెండింటిని ఏరుకున్నారు. ఆరు నెలల పాటు నెలనెలా ఇద్దరి రక్తమూ తీస్తారు. ఆరు నెలలూ నిండాక జబ్బున్నవాళ్ళకు కొత్త ఇంజెక్షన్ మొదలుపెడతారు. ఆ మొదలయ్యేది వచ్చే సోమవారమే. సరిగ్గా ఈ శుక్రవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. "మీ రక్తాల్లో ఏదో తప్పు కనిపిస్తోంది. ఇద్దరూ కలిసి రండి."

ఇద్దరూ కలిసి! ఆరు నెలలుగా ఒకే గదిలో రక్తం ఇస్తూ, ఒకే బల్ల మీద కూర్చుని, మొహమొహాలు చూసుకోని మనుషులు వాళ్ళు. అయినా ఆ ఇంజెక్షన్ కోసం మేస్త్రి దయ్యంతోనైనా కలిసి వెళ్ళేవాడు. కుడి బొటనవేలు ఇప్పటికే వినడం మానేసింది. తాళంచెవి పళ్ళ మీద వేలి కొస ఆనించి, ఎక్కడ ఎంత అరగదీయాలో చూపుతో పని లేకుండా చెప్పగలిగే చెయ్యి అది. ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి ఉన్న చదువంతా ఆ వేలి కొసలోనే ఉంది.

బయటి గదిలో ఆకుపచ్చ రెక్సిన్ బల్ల. గోడకు నీళ్ళ డబ్బా, దాని మీద కాగితం గ్లాసుల దొంతర. మేస్త్రి వెళ్ళేసరికి అద్దం అక్కడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబు మీద లిఫ్టు నడిపేవాళ్ళ బిళ్ళ. కొట్టు అమ్మేశాక వాడు ఒక పెద్ద భవనంలో లిఫ్టు మీద కుదిరాడు. చొక్కా నలగని ఉద్యోగం అని మేస్త్రి పళ్ళు నూరుతుంటాడు.

అద్దం నీళ్ళ కోసం వంగాడు. కుళాయిని వేళ్ళతో తిప్పకుండా మణికట్టుతో నొక్కాడు. గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి, దోసిలి ఎత్తినట్టు ఎత్తి తాగాడు.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. అది తన పద్ధతి. వేళ్ళు మొరాయించాక, నాలుగేళ్ళలో తనకు తానుగా కనిపెట్టుకున్న పద్ధతి. కుళాయికి మణికట్టు, గ్లాసుకు అరచేతులు, తలుపుకు భుజం.

"సిగ్గు లేదురా నీకు?" అన్నాడు. పది నెలల్లో తమ్ముడితో అన్న మొదటి మాట అదే.

అద్దం గ్లాసు దించాడు. "ఏం చేశానన్నా?"

"యాభై ఏళ్ళొచ్చినా నా ఆటలే ఆడతావా? ఇదివరకు నా ఏడుపు చూపించి నవ్వించావు. ఇప్పుడు నా అవిటితనం దొరికిందా? కానీ, కానీ. ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు మరి."

అద్దం ఏదో అనబోయాడు. అంతలో లోపలి తలుపు తెరుచుకుంది.

పిలిచింది పరిశోధకురాలు. ఆవిడ పేరు నోరు తిరక్క మేస్త్రి మనసులో గాజుగొట్టాలమ్మ అని పెట్టుకున్నాడు. పైకి మాత్రం డాక్టరమ్మా అంటాడు. నలభై దాటని మనిషి. జడ ముడిలోకి పెన్సిలు గుచ్చుకుని, ఆ పెన్సిలు కోసమే గదంతా వెతుక్కుంటుంది. ఆవిడ పక్కన రక్తం తీసే నర్సమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహం చూస్తే ఎవరో ఆవిడ చెంప పగలగొట్టినట్టుంది.

"కూర్చోండి మేస్త్రిగారూ. మీరూ కూర్చోండి." డాక్టరమ్మ కంప్యూటరు తెర ఇటు తిప్పింది. రెండు గళ్ళు. ఎడమ గడిలో నీలం చుక్కలు చల్లినట్టు ప్రశాంతంగా ఉన్నాయి. కుడి గడిలో సగానికి సగం ఎర్రగా ఉన్నాయి. "మీ భాషలోనే చెప్తాను. లోపలి పిన్నులు అరిగిన తాళం ఏ తాళంచెవి పెట్టినా తెరుచుకుంటుందని మీరే అన్నారు, గుర్తుందా?"

"అన్నాను."

"ఈ కణాల జబ్బు అదే. పైనుంచి రోగం వస్తేనే లేవాలి. కానీ మన కీలులో ఉండే చిన్న ముక్కను చూపించినా లేచి కూర్చుంటున్నాయి. ఎర్రవి లేచినవి, నీలంవి నిద్రపోతున్నవి. జబ్బున్న మనిషి గడి ఎర్రగా ఉండాలి. బాగున్న మనిషిది నీలంగా ఉండాలి."

"అయితే ఆ ఎర్రది నాది."

"కాదు. అదే గొడవ. ఎర్రది మీ తమ్ముడిది. నీలంది మీది. మూడుసార్లు చేసి చూశాను. మూడుసార్లూ ఇంతే."

మేస్త్రి తెరకేసి చూశాడు, తన చేతులకేసి చూసుకున్నాడు, మళ్ళీ తెరకేసి చూశాడు. పిడకల్లా వాచిన కణుపులు, పక్కకు ఒరిగిన చూపుడువేలు. ఈ చేతుల్లో పారే రక్తం నిద్రపోతోందా? పక్కన ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నవాడి రక్తం కీళ్ళను కొరుకుతోందా? ఆయనకు బుర్ర తిరిగిపోయింది.

"అంటే నాకు జబ్బు లేదా డాక్టరమ్మా?"

"మీ చేతులు చూసి ఆ మాట ఎవరంటారు? ట్యూబులు తారుమారై ఉండాలి."

"తారుమారా!" నర్సమ్మ ఇక ఆగలేకపోయింది. "ఇరవై రెండేళ్ళుగా తీస్తున్నాను రక్తం. సూది గుచ్చకముందే పేరు రాసి, మనిషి చేత చదివించి, అప్పుడు గుచ్చుతాను. కవలలని చెప్పి ఒకళ్ళను ఇటు, ఒకళ్ళను అటు కూర్చోబెట్టాను. ఈ పెద్దాయనైతే పేరు చదవమంటే, నా పేరు నాకు తెలీదా అని నా మీదికే లేచాడు. ఆ గొడవ ఎలా మర్చిపోతాను?"

"నేను మిమ్మల్ని అనడం లేదు సిస్టర్."

"రాసేది నా పేరేగా మేడమ్, తప్పు చేసినట్టు!"

డాక్టరమ్మ పెన్సిలు కోసం బల్లంతా తడిమింది. నర్సమ్మే కోపంగా ఆవిడ ముడిలోంచి లాగి చేతిలో పెట్టింది.

"ఇంకొక్క దారి ఉంది," అంది డాక్టరమ్మ. "ట్యూబులు సరిగ్గానే ఉన్నాయనుకుందాం. అప్పుడు మేస్త్రిగారి కణాలను ఎవరో జోకొట్టి ఉండాలి. స్టిరాయిడ్ లాంటి మందేదైనా పడితే ఇలాగే పడుకుంటాయి. ఇక తమ్ముడుగారికి జబ్బు లోపల మొదలై ఉండాలి. ఏడాది తిరిగేసరికి ఈ చేతులు ఆ చేతుల్లా అవుతాయి. కానీ మీరు కాగితం మీద సంతకం పెట్టారు కదా మేస్త్రిగారూ, ఈ ఆరు నెలలూ మేం ఇచ్చినవి తప్ప ఏ మందూ వాడనని. ఏమైనా వాడారా? నొప్పికి గానీ, దేనికి గానీ?"

"తలనొప్పి మాత్ర కూడా ముట్టలేదు," అన్నాడు మేస్త్రి. మాట తడుముకోకుండా వచ్చేసింది.

"అయితే సరే. ట్యూబులు తారుమారని రాసి ఈ నెల రక్తం పక్కన పడేస్తాను. మొదటి అయిదు నెలలవి చాలు. సోమవారం మీ ఇంజెక్షన్ మొదలవుతుంది."

అంతే. అంత సులువు. మేస్త్రి లేచి దణ్ణం పెట్టి ఇంటికి పోవచ్చు.

చొక్కా లోపలి జేబులో ఒక రేకు డబ్బా ఉంది. అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. అందులో బూడిదరంగు పొడి. మూడు వారాల కిందట మరదలు, అంటే అద్దం పెళ్ళాం, మొగుడికి తెలియకుండా కొట్టు దగ్గరికి వచ్చి గోడ ఇవతల నిలబడి ఇచ్చి వెళ్ళింది. "బావగారూ, పొద్దుటే చిటికెడు తేనెలో వేసుకోండి. వేర్ల పొడి, మందేం కాదు. మీ చేతులు చూడలేకపోతున్నాను," అంది. మందు కాదందిగా! కాగితం మీద రాసింది మందులు వాడరాదని. పొడి వాడరాదని రాయలేదు. మూడో రోజుకే మేస్త్రి చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడు. అయిదో రోజు ఆకురాయి పట్టాడు, బొటనవేలు కలిసిరాక ఎక్కువసేపు నిలవకపోయినా. ఎలుగుబంటిలా ఆకలి వేసింది. దేవుడికీ మరదలికీ ఒకే దణ్ణం పెట్టుకున్నాడు. పొడి ఎక్కడిదని అడగలేదు. అడిగితే ఆగిపోతుందేమోనని భయం.

ఇప్పుడు ఆ డబ్బా గుండెకు ఆనుకుని ఉంది. తల తిప్పితే అద్దం కనిపిస్తున్నాడు. నర్సమ్మ వాడికి ఒక గ్లాసు నీళ్ళిచ్చినట్టుంది. వాడు దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ చూడటం లేదు. ఆట చూపించాలంటే చూసేవాళ్ళు ఉండాలి కదా? చూసేవాళ్ళు లేకుండా వాడు ఏనాడైనా ఆడాడా?

మేస్త్రికి ఏదీ తిన్నగా తోచలేదు. నోరు మూసుకుంటే తన చేతులు తనకు దక్కుతాయి. నోరు మూసుకుంటే ఆ ఎర్ర చుక్కలు చెత్తబుట్టలోకి పోతాయి, వాడు లిఫ్టు మీటలు నొక్కుకుంటూ ఏడాదికి ఇలాగే అవుతాడు. అయితే అయ్యాడు! గోడ కట్టించినవాడికి జాలేమిటి? నర్సమ్మ పేరు మీద తప్పు పడుతుంది. పడితే పడనీ. ఇంతలో ఎవరో మాట్లాడటం వినిపించింది. ఆ గొంతు తనదేనని ఆయనకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"ట్యూబులు మారలేదు డాక్టరమ్మా."

డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మూత తీయబోయాడు గానీ వేళ్ళు జారాయి. నర్సమ్మ తీసింది. డాక్టరమ్మ వాసన చూసి, చిటికెడు కాగితం మీద పోసుకుని, వేలితో నలిపి చూసింది.

"ఎన్నాళ్ళుగా?"

"మూడు వారాలు. వేర్ల పొడంట."

"వేర్ల పొడికి మూడు వారాల్లో ఇలా పడుకోవు. ఇందులో ఎవరో స్టిరాయిడ్ మాత్రలు నూరి కలిపి ఉండాలి, పరీక్ష చేయిస్తాను. ఒక్క మాట వినండి. దీన్ని ఉన్నపళంగా ఆపకండి, ప్రాణం మీదికొస్తుంది. ఎలా తగ్గించాలో ఇవాళే రాసిస్తాను. అసలు ఎవరిచ్చారిది?"

మేస్త్రి జవాబు చెప్పేలోపే అద్దం లేచి నిలబడ్డాడు. గ్లాసు పడిపోయి నీళ్ళు చెప్పుల మీదికి పారాయి.

"ఆ డబ్బా మా ఇంట్లోది," అన్నాడు. "మూత మీద సొట్ట చూడండి. నా చేతిలోంచి పడితేనే పడిందది. అన్నా, నా పొడి నీకెలా వచ్చింది?"

"నీ పొడేమిటిరా? నీకు పొడెందుకు?"

అద్దం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ ఆవిడే ఇచ్చింది. నీకు పొడెందుకని అడుగుతున్నా."

"దాని తెలివి తెల్లారినట్టే ఉంది!" అద్దం నెత్తి కొట్టుకోబోయాడు. చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "నాకోసమే తెచ్చింది. నేను ఒక్క చిటికెడు కూడా నోట్లో వేసుకోలేదు. రక్తం ఇచ్చేవాళ్ళు ఏదీ వాడకూడదన్నారు కదా అని, పారెయ్యమని చెప్పాను. పారెయ్యడానికి మనసొప్పక నీకిచ్చినట్టుంది."

డాక్టరమ్మ కుర్చీలోంచి మెల్లగా లేచింది. "తమ్ముడుగారూ, ఒకసారి పిడికిలి బిగించండి."

"ఎందుకండీ ఇప్పుడు..."

"బిగించండి."

అద్దం కుడి చెయ్యి ముందుకు చాపాడు. వేళ్ళు ముడుచుకున్నాయి. సగం దూరం వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి. అరచేతికీ వేలికొసలకూ మధ్య ఒక కోడిగుడ్డు పట్టేంత ఖాళీ మిగిలింది. వాడు పళ్ళ బిగువున లాగాడు. మెడ నరాలు పొంగాయి. ఖాళీ అలాగే ఉంది.

ఆ ఖాళీ కొలత మేస్త్రికి బాగా తెలుసు. నాలుగేళ్ళ కిందట తన చేతిలోనూ అంతే ఉండేది. దాన్ని ఏ మొనగాడూ నటించలేడు.

"ఎన్నాళ్ళయింది?" అంది డాక్టరమ్మ.

"ఏడాది. పొద్దున్నే వేళ్ళు రెండు గంటలు పట్టేసేవి. అప్పుడు వాపు లేదండి, నొప్పే."

"చేర్చుకునేటప్పుడు అడిగాం కదా, కీళ్ళ నొప్పులేమైనా ఉన్నాయా అని?"

"అడిగారు. లేవన్నాను." అద్దం అన్నవైపు చూడకుండా నేల మీది నీళ్ళవైపు చూస్తూ చెప్పాడు. "జంటలో ఒకళ్ళు బాగుండాలన్నారు మీరు. ఇద్దరికీ ఉంటే జంటను తీసుకోం అన్నారు. నేను ఉందంటే అన్నకు సూది మందు రాదు. అన్న చేతులు నావాటికన్నా ఎక్కువ పాడయ్యాయి కదండీ. అందుకని బాగున్నానన్నాను."

నర్సమ్మ తల పక్కకు తిప్పుకుంది.

మేస్త్రికి కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు. చివరికి నోట వచ్చింది మాత్రం పాత గొడవే.

"మరి గోడ సంగతేంటిరా? కొట్టెందుకు అమ్మావు?"

"ఆకురాయి నిలిచేది కాదన్నా. తాళంచెవులు పాడయ్యేవి. రాత్రి నువ్వు వెళ్ళాక నువ్వు చేసినవాటిలోంచి తీసి నావిగా ఇచ్చేవాణ్ణి. ఎన్నాళ్ళలా?"

"నాకు చెప్పి ఉండచ్చుగా!"

"చెబితే నమ్మేవాడివా?" అద్దం మొదటిసారి అన్న కళ్ళలోకి చూశాడు. "జబ్బు కూడా నాదే కావాలా నీకు, అనేవాడివి. ఇందాక బయట అన్నావుగా."

అన్నాడు. ఆ మాట అని పావుగంట కూడా కాలేదు. మేస్త్రి తల వంచుకున్నాడు. ఇది నిజమే అయితే పది నెలలుగా గోడకు మోచెయ్యి తగిలినప్పుడల్లా తిట్టింది ఎవరిని? అబద్ధమైతే ఈ బిగియని పిడికిలి ఎవరిది? పొడి తిన్నందుకు తను దొంగ. నొప్పి దాచినందుకు వాడు దొంగ. ఇచ్చిన ఇల్లాలిది జాలి. ఎవరి మెడకు చుట్టాలో తెలియని తాడులా ఉంది వ్యవహారం.

డాక్టరమ్మ సొరుగులోంచి ఒక కాగితం తీసి, దానికేసి కాసేపు చూసి, బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు నేను చెప్పేది నాకూ ఇష్టం లేదు. నియమం ప్రకారం సోమవారం జాబితాలో మీ జంట ఉండదు. కానీ వేరే జాబితా ఒకటుంది, జబ్బు ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్ళది. ఇదే ఇంజెక్షన్. ముందుగా పడితే చేతులు చాలావరకు నిలబడతాయని మా ఆశ. అందులో ఒక్క చోటు ఖాళీగా ఉంది, ఈ సాయంత్రం దాకా. తమ్ముడుగారికి సరిపోతుంది."

"మరి అన్నకు?" అన్నాడు అద్దం.

"ఆయన విషయం గురువారం కమిటీ చూస్తుంది. పొడి మాన్పించి, రెండు నెలలాగి మళ్ళీ తీసుకోవచ్చు. ఒక్కోసారి మన్నిస్తారు. కానీ అలా అడగాలంటే ఈ జంట పుస్తకంలో ఉండాలి. జంట ఉన్నంతకాలం తమ్ముడుగారిని ఆ జాబితాలోకి మార్చలేను." ఆవిడ పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీసింది. "జంట నమోదైంది మీ పేరు మీద, మేస్త్రిగారూ. రద్దు చేయాలంటే మీ సంతకం కావాలి. చేస్తే మీరు కమిటీని అడగడానికి ఉండదు. బలవంతం ఏమీ లేదు. సాయంత్రం అయిదు దాకా ఆలోచించుకోండి."

"వద్దన్నా," అన్నాడు అద్దం. "పెట్టకు."

"నువ్వు నోరు ముయ్యరా."

మేస్త్రి పెన్ను అందుకున్నాడు. బొటనవేలు పట్టలేదు. చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించుకున్నాడు. కాగితం మీద ఆయన పేరు, దాని పక్కన తమ్ముడి పేరు, కింద ఒక ఖాళీ గీత. ఎదురుగా గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. పక్కన అద్దం కూడా, తనకు తెలియకుండానే, చూపుడువేలూ మధ్యవేలూ దగ్గరికి చేర్చి పట్టుకున్నాడు, చేతిలో పెన్ను లేకపోయినా.

పెన్ను మొన గీతకు ఆనింది. సిరా చుక్క ఒకటి దిగి కాగితంలోకి పాకింది. అక్షరం ఇంకా పడలేదు. మేస్త్రి కళ్ళ ముందు మాత్రం కాగితం లేదు, ఇటుకల గోడ ఉంది. గోడ అవతల, ఆ తమ్ముడి మూలంగా చెయ్యి జారిపోయిన నాన్న కొట్టులో సగం ఉంది. తొమ్మిది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల లోతు. గీసి గీసి కొలిచినా ఒక్క వేలు హెచ్చూ తగ్గూ లేకుండా, పద్నాలుగు చదరపు గజాలు.